కండ్లకలక: పాప కన్ను, నాన్నగారి కన్ను

డిసెంబరు మూడో వారంలో ఒక తెల్లవారుజామున మా పాప లేచి కూర్చుని, కళ్ళు తెరుచుకోవడం లేదని ఏడవడం మొదలుపెట్టింది. లైటు వేసి చూస్తే రెండు కళ్ళ రెప్పలూ పచ్చటి పుసితో అంటుకుపోయి ఉన్నాయి, ఆ పుసి రెప్పల వెంట్రుకల మొదళ్ళలో ఎండి పెళుసుబారి ఉంది. ఐదేళ్ళ పిల్ల. అంతకు నాలుగు రోజుల ముందు నుంచి జలుబు చేసింది, ముందురోజు రాత్రి చెవి నొప్పిగా ఉందని కూడా ఒకసారి అంది, నేను అంతగా పట్టించుకోలేదు. కాచి చల్లార్చిన నీళ్ళలో దూది ముంచి రెప్పల మీద కాసేపు ఉంచి, గట్టిపడిన పుసి నానిన తరువాత మెల్లగా తుడిస్తే కళ్ళు తెరిచింది. తెల్లగుడ్డు ఎర్రగా ఉంది, కింది రెప్పను కొంచెం కిందికి లాగి చూస్తే లోపలి భాగం పచ్చి పుండులా ఉంది. మా ఊళ్ళో దీన్ని చూసిన ఎవరైనా రెండో ఆలోచన లేకుండా చెప్పే పేరు ఒకటే, కండ్లకలక.

ఆ పూట మా ఇంట్లో జరిగినదే చాలా ఇళ్ళలోనూ జరుగుతుంది. మా అత్తగారు పెరట్లోకి వెళ్ళి నందివర్ధనం పూలు కోసుకొచ్చి, కడిగి, పాప కళ్ళ మీద పెట్టి పడుకోబెట్టారు. పక్కింటి పెద్దావిడ వచ్చి చనుబాలు ఒక చుక్క వేస్తే ఒక్క రోజులో తగ్గిపోతుందని, వీధిలో బాలింత ఎవరున్నారో కూడా చెప్పారు. తుడుచుకోవడానికి పసుపు నీళ్ళలో ముంచి ఆరవేసిన గుడ్డ ఒకటి సిద్ధమయింది. చల్లటి పూరేకు మూసిన రెప్ప మీద ఉంటే పిల్లకు హాయిగా ఉంటుందన్న మాట నిజమే, దానివల్ల చెప్పుకోదగిన హాని కూడా లేదు, అందుకు మా అత్తగారిని నేను తప్పుపట్టను. అయితే పాలు గానీ, గులాబీ పన్నీరు గానీ, ఆకు పసరు గానీ కంటి లోపలికి పోయడం వేరే సంగతి, ఎందుకంటే సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేయని ఏ ద్రవమైనా అప్పటికే జబ్బుపడిన కంటికి కొత్త జబ్బును మోసుకురాగలదు. వాటికి నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండా నేను చేసిన పని మాత్రం వాటికన్నా మంచిది కాదని తరువాత తెలిసింది. వీధి చివరి మందుల షాపుకు వెళ్ళి, పాపకు కండ్లకలక వచ్చిందని చెప్పి, అక్కడి అబ్బాయి ఇచ్చిన చుక్కల సీసా తెచ్చి రెండు కళ్ళలోనూ వేశాను. సాయంత్రానికి ఎరుపు సగానికి సగం తగ్గింది, మంచి మందే ఇచ్చాడనుకున్నాను.

మరునాటికి పుసి మాత్రం అలాగే ఉంది, చెవి నొప్పి పెరిగింది. దగ్గరి పట్టణంలోని కంటి డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళితే, ఆవిడ ముందుగా ఏం వేశారని అడిగి, నా చేతిలోని సీసా తీసుకుని లేబులును వెలుతురుకు పట్టి చదివారు. "ఇందులో రెండు మందులు ఉన్నాయమ్మా. ఒకటి యాంటీబయాటిక్. రెండోది డెక్సామెథసోన్, అంటే స్టెరాయిడ్. ఎరుపు తగ్గింది ఆ రెండో దానివల్ల. జబ్బు ఇంకా అక్కడే ఉంది," అన్నారు. తరువాత నారింజరంగు పట్టీ ఒకటి రెప్ప లోపల తాకించి, నీలి వెలుతురులో నల్లగుడ్డును పరీక్షించి, దానిమీద పుండు గానీ గీత గానీ లేవని నిర్ధారించుకున్నాక, ఆ సీసా ఆపేయమని చెప్పి స్టెరాయిడ్ లేని మామూలు యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. చెవి సంగతి వినగానే పిల్లల డాక్టరుకు కూడా చూపించమన్నారు. ఆ రోజు ఆవిడ చెప్పిన మాటలు, ఆ తరువాతి నెలల్లో ఇంకో కారణంగా నేను పట్టుబట్టి చదివి తెలుసుకున్న విషయాలు కలిపి ఇక్కడ రాస్తున్నాను.

తెల్లగుడ్డును కప్పుతూ, రెప్పల లోపలి వైపుకు మడతపడి వెళ్ళే పల్చటి, పారదర్శకమైన పొర ఒకటి మన కంటికి ఉంటుంది. వైద్యులు దాన్ని కంజంక్టైవా అంటారు. అది వాచి, అందులోని సన్నటి రక్తనాళాలు ఉబ్బినప్పుడు కన్ను ఎర్రబడుతుంది. కలక అంటే మన భాషలో తేటగా ఉన్న నీరు బురదబారడం కూడా, కాబట్టి ఈ జబ్బుకు ఆ పేరు పెట్టినవాళ్ళు కంటిని బాగా చూసినవాళ్ళే. కానీ ఆ పేరు కన్ను ఎలా కనిపిస్తోందో చెబుతుందే తప్ప ఎందుకు అలా అయిందో చెప్పదు. వైరస్ వల్ల వచ్చినా, బాక్టీరియా వల్ల వచ్చినా, పుప్పొడి పడక వచ్చినా, పొయ్యి పొగ తగిలి వచ్చినా మనకు అది కండ్లకలకే. నేను ఇప్పుడు చెబుతున్నది వాటిలో బాక్టీరియా వల్ల వచ్చే రకం గురించి.

కంటి మీద సూక్ష్మజీవులు వాలని రోజు ఉండదు. గాలి నుంచి, ముక్కు నుంచి, అన్నిటికన్నా ఎక్కువగా మన వేళ్ళ నుంచి అవి చేరుతూనే ఉంటాయి. రెప్ప వేసిన ప్రతిసారీ కన్నీరు కంటిని కడిగి, ముక్కు పక్కనున్న సన్నటి గొట్టం గుండా ముక్కులోకి దిగిపోతుంది. ఆ కన్నీటిలో లైసోజైమ్ అనే ఎంజైము ఉంది, కొన్ని రకాల బాక్టీరియాల పైగోడను అది కరిగించేస్తుంది. పెన్సిలిన్ కనుక్కోవడానికి ఆరేళ్ళ ముందే, 1922లో, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఈ లైసోజైమ్ గురించి ప్రకటించారు. ప్రయోగాలకు కావలసిన కన్నీటిని ఆయన నిమ్మకాయ సాయంతో తెప్పించేవారట. అంతటి కాపలా ఉన్న కన్ను జబ్బుపడాలంటే ఆ కాపలా ఎక్కడో సడలాలి, లేదా వచ్చిపడే బాక్టీరియా దాని శక్తికి మించిపోవాలి. జలుబు చేసిన పిల్ల ముక్కు తుడుచుకున్న చేత్తోనే కన్ను నులుముకుంటుంది. కంటి తడి ఆరిపోయే జబ్బు ఉన్న పెద్దవాళ్ళలో, రెప్పల అంచులకు చుండ్రులాంటి వాపు ఉన్నవాళ్ళలో, కన్నీటి గొట్టం మూసుకుపోయినవాళ్ళలో బాక్టీరియా నిలవ ఉండిపోతుంది. ఒకసారి అది ఆ పొరలో పాతుకున్నాక శరీరం తెల్ల రక్తకణాలను పంపిస్తుంది. ఆ పోరులో చచ్చిన కణాలు, బాక్టీరియా, కంటి జిగురు కలిసినదే పుసి. నిద్రలో రెప్ప ఆడదు, కన్నీరు ఊరడం తగ్గుతుంది, కడిగేవాడు లేని ఆ ఆరేడు గంటల్లో పేరుకున్నదంతా ఎండి రెప్పలను అతికిస్తుంది కాబట్టే ఈ జబ్బు ముందుగా తెల్లవారుజామునే బయటపడుతుంది.

ఏ బాక్టీరియా అన్న ప్రశ్నకు జవాబు వయసును బట్టి మారుతుంది. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించేది స్టెఫిలోకాకస్ ఆరియస్. చర్మం మీద, ముక్కు లోపల మామూలుగా కాపురముండే జీవి ఇది. పిల్లల్లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే, మొరాక్సెల్లా కటారాలిస్ అనే మూడు ముందు వరుసలో ఉంటాయి, ఈ మూడూ గొంతు వెనుక భాగంలో నివసించేవే. హీమోఫిలస్ పేరు చూసి దాన్ని ఫ్లూ అనుకుంటారు. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త అప్పటి ఫ్లూ మహమ్మారికి ఇదే కారణమని భావించి ఆ పేరు పెట్టారు, అది పొరపాటని తేలినా పేరు మాత్రం నిలిచిపోయింది. ఈ కుటుంబానికే చెందిన మరో జీవిని అంతకుముందే, 1883లో, రాబర్ట్ కోఖ్ ఈజిప్టులో కండ్లకలక రోగుల పుసిలో చూశారు. ఆయన అక్కడికి వెళ్ళింది కలరా మూలాన్ని వెతకడానికి, ఆ వెతుకులాటే తరువాత ఆయనను కలకత్తాకు తీసుకువచ్చింది. ఈజిప్టులో ఆయన చూసిన ఆ కంటి జీవి హీమోఫిలస్ ఈజిప్షియస్ అన్న పేరుతో ఇప్పటికీ వేడి దేశాల్లో కండ్లకలకకు కారణమవుతూనే ఉంది.

మా పాప చెవి నొప్పికి అర్థం ఇక్కడే దొరికింది. గొంతు వెనుక నుంచి చెవిలోకి ఒక దారి, ముక్కు నుంచి కంటికి ఒక దారి ఉన్నాయి కాబట్టి, హీమోఫిలస్ ఒకేసారి కంటికీ మధ్య చెవికీ పాకడం చిన్నపిల్లల్లో సాధారణమట. అలాంటప్పుడు కంట్లో చుక్కలు ఎన్ని వేసినా చెవి తగ్గదు, నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వాలి. పిల్లల డాక్టరుగారు చెవి లోపల చూసి, కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉందని చెప్పి సిరప్ రాశారు. కన్ను ఎర్రబడిన పిల్లను చెవి సంగతి అడగాలని నాకు అంతకుముందు తెలియదు. పాప తనంతట తానే చెప్పినా నేను వినలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఇది అంటుకునే జబ్బు, కానీ అంటుకునే దారి మనం అనుకునేది కాదు. కండ్లకలక వచ్చినవాళ్ళ కళ్ళలోకి చూస్తే మనకూ వస్తుందని మా చిన్నప్పుడు బడిలో అందరం నమ్మేవాళ్ళం, ఆ పిల్లలను చూడకుండా తలలు తిప్పుకునేవాళ్ళం. చూపు ద్వారా ఏ సూక్ష్మజీవీ ప్రయాణం చేయదు. నల్ల కళ్ళద్దాలు రోగికి వెలుతురు బాధ తగ్గించి, చేయి కంటి మీదికి పోకుండా ఆపుతాయి, ఎదుటివాళ్ళకు అవి రక్షణ అనుకోవడం మాత్రం భ్రమ. పుసి తగిలిన చేయి, ఆ చేయి తగిలిన తువ్వాలు, దిండు గలీబు, తలుపు గడియ, కాటుక డబ్బా, ఒకరి కంట్లో వేసి మరొకరికి ఇచ్చిన చుక్కల సీసా, ఇవీ దారులు. పదిమంది ఒకే గదిలో పడుకుని, ఒకే బక్కెటు దగ్గర ముఖాలు కడుక్కునే హాస్టళ్ళలో ఇది ఎంత వేగంగా పాకుతుందో పిల్లలను అక్కడ చదివిస్తున్న తల్లిదండ్రులకు తెలుసు. 2002 ఆరంభంలో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో స్ట్రెప్టోకాకస్ న్యుమోనియేలో ఒక అసాధారణమైన రకం వల్ల మూడు నెలల్లో దాదాపు 700 మంది విద్యార్థులకు కండ్లకలక వచ్చింది. నీళ్ళకూ సబ్బుకూ కొరత లేని చోట కూడా, దగ్గరదగ్గరగా మెలిగే యువతీయువకుల మధ్య అంతగా వ్యాపించిందంటే మన హాస్టళ్ళ గురించి వేరే చెప్పనక్కరలేదు. మా ఇంట్లో మాత్రం పాపకు వేరే తువ్వాలు, వేరే దిండు పెట్టి, గలీబు రోజూ వేడినీళ్ళలో ఉతికి, కన్ను తుడిచిన ప్రతిసారీ నేను సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఇంకెవరికీ రాలేదు.

వైరస్ వల్ల వచ్చిందా, బాక్టీరియా వల్ల వచ్చిందా అన్నది కచ్చితంగా చెప్పాలంటే పుసిని ప్రయోగశాలకు పంపాలి, మామూలు కేసుల్లో ఎవరూ పంపరు, పంపవలసిన అవసరమూ లేదు. లక్షణాలను బట్టి చాలావరకు ఊహించవచ్చు. నీళ్ళలాంటి కారుడు, గొంతు నొప్పి, చెవి ముందు చిన్న బిళ్ళ కట్టడం, ఒక కంటికి వచ్చి రెండు మూడు రోజులకు రెండో కంటికి పాకడం వైరస్ వైపు చూపిస్తాయి. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాలతో పాటు దేశమంతటా ఊళ్ళకు ఊళ్ళు చుట్టబెట్టిన కండ్లకలక ఎక్కువగా వైరస్‌లదే, దానిమీద యాంటీబయాటిక్ చుక్కలకు ఏ ప్రభావమూ ఉండదు. విపరీతమైన దురద ఉండి, రెండు కళ్ళూ ఒకేసారి నీరుకారుతూ, ఏటా అదే కాలానికి తిరిగి వస్తుంటే అది అలర్జీ. ఉదయం రెండు కళ్ళూ అతుక్కుపోవడం, దురద లేకపోవడం, పచ్చటి చిక్కని పుసి తుడిచినకొద్దీ మళ్ళీ చేరడం బాక్టీరియాకు గుర్తులు. అయితే ఏ ఒక్క గుర్తునూ పూర్తిగా నమ్మకూడదు, వైరస్ కండ్లకలకలోనూ పొద్దున్నే రెప్పలు కొంచెం అంటుకుంటాయి.

ఇక వైద్యం. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచిన విషయం ఏమిటంటే, బాక్టీరియా వల్ల వచ్చే మామూలు కండ్లకలక ఆరోగ్యవంతుల్లో చాలావరకు మందు లేకుండానే వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ చుక్కలు ఆ గడువును కొంత తగ్గిస్తాయి, ఇతరులకు అంటించే కాలాన్ని కూడా తగ్గిస్తాయి. అందుకే తేలికపాటి జబ్బులో రెండు మూడు రోజులు కన్ను శుభ్రం చేస్తూ వేచి చూడమనే డాక్టర్లు ఉన్నారు, అది నిర్లక్ష్యం కాదు. పుసి ఎక్కువగా ఉన్నప్పుడు, చిన్నపిల్లల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళలో చుక్కలు వెంటనే మొదలుపెడతారు. మన దగ్గర ఎక్కువగా రాసేవి మోక్సిఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, టోబ్రామైసిన్, క్లోరాంఫెనికాల్. మా పాపకు రాసింది మోక్సిఫ్లాక్సాసిన్, రోజుకు మూడుసార్లు చొప్పున ఏడు రోజులు. చుక్కలకు గింజుకునే పసిపిల్లలకు ఆయింట్‌మెంట్ నయమని, అది కాసేపు చూపును మసకబరుస్తుంది కాబట్టి పెద్దవాళ్ళకు రాత్రిపూట మంచిదని డాక్టరుగారు చెప్పారు. రెండో రోజుకే కన్ను తేటపడినా, చెప్పినన్ని రోజులూ వేయమని మరీమరీ చెప్పారు. చుక్కలు మొదలుపెట్టి ఒక రోజు గడిచి, పుసి కారడం ఆగిన తరువాత బడికి పంపించవచ్చన్నారు.

చుక్కలు వేయడం కూడా తెలిసిన పనే అనుకున్నాను, అదీ తెలియదని తేలింది. కంటి రెప్ప లోపల పట్టేది ఒక చుక్క కన్నా తక్కువే, రెండో చుక్క చెంప మీదికి కారిపోవడానికే వేసినట్టు. చేతులు కడుక్కుని, పుసి పూర్తిగా తుడిచి, కింది రెప్పను కొద్దిగా లాగి అక్కడ ఏర్పడే సంచిలాంటి చోట ఒక్క చుక్క వేసి, సీసా కొస రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకుండా తీసేసి, ఒకటి రెండు నిమిషాలు కళ్ళు మూసి ఉంచాలి. ఆ సమయంలో ముక్కు పక్కన కంటి మూలను వేలితో అదిమిపెడితే మందు గొట్టంలోంచి గొంతులోకి జారిపోకుండా ఉంటుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. కళ్ళు గట్టిగా మూసుకుని ఏడ్చే పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టి, మూసిన కంటి లోపలి మూలలో చుక్క వేసి ఉంచితే, వాళ్ళు కళ్ళు తెరిచినప్పుడు మందు తనంతట తానే లోపలికి పోతుంది. మా పాప విషయంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సలహా ఇదే. తుడవడానికి వాడిన దూదిని రెండో కంటికి వాడకూడదు, వాడిన వెంటనే పారేయాలి. మూత తీసిన సీసాను నెల దాటితే మందు మిగిలినా పారేయాలి.

ఇంట్లో కూర్చుని వేచి చూడకూడని కండ్లకలకలు కొన్ని ఉన్నాయి. పుట్టి నెల నిండని బిడ్డకు కంట్లో పుసి వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి, ఎందుకంటే ప్రసవ సమయంలో తల్లి నుంచి సోకే గనేరియా బాక్టీరియా ఆ లేత నల్లగుడ్డును రోజుల్లోనే కరిగించేయగలదు. దానికి చుక్కలు చాలవు, ఇంజెక్షను ఇవ్వాలి. పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో ఎందరో పసిబిడ్డలు దీనివల్ల చూపు పోగొట్టుకునేవారు. 1880లో లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే అనే ప్రసూతి వైద్యులు పుట్టిన ప్రతి బిడ్డ కంట్లోనూ సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం మొదలుపెట్టిన తరువాత, ఆయన ఆసుపత్రిలో నూటికి పదిమంది దాకా బిడ్డలకు వచ్చే జబ్బు నూటికి ఒకరికన్నా తక్కువకు పడిపోయింది. పెద్దవాళ్ళలోనూ గంటల వ్యవధిలో విపరీతంగా చీము కారుతూ రెప్ప ఉబ్బిపోతే అదే బాక్టీరియాను అనుమానించాలి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళకు కన్ను ఎర్రబడితే ముందు లెన్సు తీసేసి డాక్టరుకు చూపించుకోవాలి, ఎందుకంటే వాళ్ళ విషయంలో సూడోమోనాస్ అనే బాక్టీరియా నల్లగుడ్డుకు పుండు చేసే ప్రమాదం ఉంది. నెలల పిల్లల్లో కన్ను ఎర్రబడకుండా, ఎప్పుడూ నీరు కారుతూ, పుసి కడుతూ ఉంటే అది తరచుగా కన్నీటి గొట్టం తెరుచుకోకపోవడం వల్ల వచ్చేది, చాలామందిలో మర్దనతో ఏడాదిలోపు దానంతట అదే సర్దుకుంటుంది. ఒకప్పుడు మన దేశంలో లక్షల మందిని గుడ్డివాళ్ళను చేసిన ట్రకోమా కూడా బాక్టీరియా వల్ల వచ్చే కండ్లకలకే, కాకపోతే ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ సోకి రెప్పను లోపలికి ముడిచేస్తుంది. అది ఇక భారతదేశంలో ప్రజారోగ్య సమస్య కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది.

కంటిలో నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా అది కండ్లకలక కాదనే అనుకుని బయలుదేరాలి. ఈ వాక్యం ఎవరైనా నాకు జనవరికి ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

పాపకు పూర్తిగా తగ్గిన మూడు వారాలకు, సంక్రాంతి ముందు, మా నాన్నగారు మా ఇంటికి వచ్చారు. మాది డెల్టా ప్రాంతం, అవి నూర్పిళ్ళ రోజులు. అప్పటికి నాలుగు రోజుల క్రితం కళ్ళంలో ఉండగా గాలికి కుడి కంట్లో వడ్ల పొట్టు ఏదో పడిందట, నీళ్ళతో కడుక్కుని పనిలో పడ్డారట. కన్ను ఎర్రగా ఉంది, నీరు కారుతోంది. "పాపకు వచ్చిన కండ్లకలకే నాకూ వచ్చినట్టుందమ్మా," అన్నారు. ఫ్రిజ్ తలుపు అరలో పాపకు మొదట వేసిన ఆ స్టెరాయిడ్ సీసా అలాగే ఉంది. డాక్టరుగారు ఆపమన్నారు గానీ పారేయమనలేదు కదా అని ఉంచానో, డబ్బు పెట్టి కొన్నదని ఉంచానో ఇప్పుడు చెప్పలేను. నేను బడిలో ఉన్న సమయంలో ఆయన ఆ సీసా తీసుకుని చుక్కలు వేసుకున్నారు. ఎరుపు తగ్గింది, నొప్పి కూడా తగ్గిందన్నారు. ఆ సీసా జేబులో పెట్టుకుని ఊరికి వెళ్ళిపోయి, ఇంకో వారం రోజులు వేసుకుంటూనే ఉన్నారు.

ఆయన కంట్లో ఉన్నది శిలీంధ్రం, అంటే బూజు. వరి ఆకు, పొట్టు, చెరకు ఆకు నల్లగుడ్డును గీరినప్పుడు వాటి మీద ఉండే ఫ్యుసేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి బూజులు ఆ గీత గుండా లోపలికి దిగుతాయి. దక్షిణ భారతంలో పొలం పనులు చేసేవాళ్ళకు నల్లగుడ్డు పుండు పడడానికి ఇది ప్రధాన కారణాల్లో ఒకటి. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. స్టెరాయిడ్ చేసేది అంతకన్నా ఘోరం, శరీరం ఆ బూజును ఎదుర్కోవడానికి పంపే రక్తకణాలను ఆపేస్తుంది. ఎదుర్కొనేవాళ్ళు లేనప్పుడు వాపు ఉండదు, ఎరుపు ఉండదు, నొప్పి తగ్గుతుంది, లోపల బూజు నిశ్చింతగా పెరుగుతుంది. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిన పుండు మీద వేసినా ఇదే జరుగుతుంది, నెలల తరబడి వాడితే కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లాలు కూడా రావచ్చు. స్టెరాయిడ్ చుక్కలు చెడ్డ మందు అని నేను అనడం లేదు, కంటి డాక్టరు దీపం కింద చూసి రాసినప్పుడు అవి చూపును కాపాడతాయి. వాటి డబ్బా మీద ఎర్రటి నిలువు గీత ఉంటుంది, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. చీటీ అడగకుండా నాకు అమ్మారు, నేనూ ఆ గీతను చూసి ఆగలేదు.

నాన్నగారిని తీసుకువెళ్ళేసరికి నల్లగుడ్డు మధ్యకు కొంచెం పక్కగా, అంచులు ఈకలా చీలిన బూడిదరంగు మచ్చ కంటికే కనిపిస్తోంది. పుండును సన్నగా గీకి మైక్రోస్కోపు కింద చూసి బూజు పోగులను అప్పటికప్పుడే గుర్తించారు. నాటామైసిన్ చుక్కలు మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకొకసారి వేశాం, మా తమ్ముడూ నేనూ వంతులు వేసుకుని రాత్రిళ్ళు కూడా లేపి వేశాం. పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. నల్లగుడ్డు మార్పిడి అవసరం లేకుండా గట్టెక్కామని డాక్టర్లు అన్నారు. మానిన చోట పువ్వు వేసింది, అంటే తెల్లటి మచ్చ మిగిలింది, అది పోదు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ చుక్కల సీసా తెరిచినా దానిమీద తెరిచిన తేదీ, ఎవరిదో పేరు పెన్నుతో రాస్తాను, పని అయిపోగానే మూత తీసి సింకులో ఒంపేస్తాను. నాన్నగారు కళ్ళంలోకి దిగేటప్పుడు పక్కలు కూడా కప్పే ప్లాస్టిక్ కళ్ళద్దాలు పెట్టుకుంటున్నారు, తోటి రైతులు ఇద్దరు ముగ్గురు కూడా అడిగి తెప్పించుకున్నారు. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో గోడ మీది క్యాలెండరు చూస్తే ఆయనకు తేదీల పెద్ద అంకెలు కనిపిస్తాయి. వాటి కింద చిన్న అక్షరాల్లో ఉండే తిథి, నక్షత్రం మాత్రం పాప చదివి చెబుతుంది.